కె.సి. కాలువ గట్టు మీద రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత దారి ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో మనాలి నుంచి లేహ్ దాకా మౌంటెన్ బైకుల మీద పోయివచ్చిన కుర్రవాళ్ల కథనం చదివాను. తంగ్‌లాంగ్ లా లాంటి ఐదు వేల మీటర్లు దాటిన కనుమలు, గాటా లూప్స్‌లో వరసగా 21 మలుపులు, ఊపిరి అందని ఎత్తులు, గుడారాల్లో పడకలు, అన్నీ బాగా రాశారు. ఆ పిల్లల ధైర్యం చూసి సంతోషపడ్డాను. కానీ స్నేహితుడెవరో, తానెవరో తెలియాలంటే హిమాలయాలకు పోవాల్సిందేనన్నట్టు చివర్లో రాసిన మాట దగ్గర ఆగిపోయాను. ఆ రోడ్డు ఏడాదిలో మంచు లేని కొన్ని నెలలే తెరిచి ఉంటుంది. అంత దూరం పోవడానికి సెలవూ డబ్బూ ఉన్నవాళ్లు మన సీమలో ఎంతమంది? పోగలిగినవాళ్లు తప్పకుండా పోవాలి. పోలేనివాళ్లకు నల్లమలకూ ఎర్రమలకూ మధ్యనే ఒక దారి ఉంది. కర్నూలు దగ్గరి సుంకేసుల నుంచి మా కడప దాకా పారే కర్నూలు-కడప కాలువ, అంటే కె.సి. కాలువ గట్టు. దాని గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా ముప్పై ఏళ్లకు పైగా పని చేశాను. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలో కలిపారు కదా, ఆ తర్వాత కొద్ది కాలానికే రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం కర్నూలు, నంద్యాల, కడప, రాయచోటి రోడ్డు మీదే గడిచింది. ఇప్పుడు దాన్ని 40వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. డ్యూటీ చార్టు ఎన్నిసార్లు మారినా తిరిగి తిరిగి నా బండికి ఒకే కండక్టరు వచ్చేవాడు. ఆయన తన పేరు పేపర్లో వేయొద్దన్నాడు. మా కడపలో హిందువులూ ముస్లింలూ వరసలు కలుపుకుని పిలుచుకోవడం మామూలే. వయసులో రెండు మూడేళ్ల తేడానే అయినా నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు. ఇక్కడా మామ అనే రాస్తాను.

డ్రైవరూ కండక్టరూ అంటే ఒకరి గురించి ఒకరికి అంతా తెలిసి ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. బండిలో మా ఇద్దరి మధ్య ఉండేది ఒక గంట తాడు, పైన ఒక అద్దం. ఆయన గంట కొడితే బండి తీస్తాను, మళ్లీ కొడితే ఆపుతాను. మధ్యలో అరవై మంది జనం. నా సీటు దగ్గర 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉండేది. ప్రయాణికుల క్షేమం కోసం రాసిన మాటే అది, మంచి మాటే. అయితే ముప్పై ఏళ్లు ఆ మాట పక్కన కూర్చున్న మనిషికి మాట్లాడకపోవడమే అలవాటవుతుంది. నైట్ అవుట్ డ్యూటీల్లో మామ రెస్ట్ రూములో నలుగురి మధ్య కూర్చునేవాడు. తెల్లవారుజామున బండి తీయాలి కాబట్టి నేను తిని పడుకునేవాణ్ణి. ఇంట్లోనూ అంతే. 'ఆయన ఎక్కువ మాట్లాడడు, ఏమీ అనుకోవద్దు' అని నా భార్య చుట్టాలకు ముందే చెప్పేది. నేనూ నన్ను గురించి అదే నమ్మాను.

నా కొడుకు బెంగళూరులో కొనుక్కుని, తర్వాత వాడడం మానేసిన మౌంటెన్ బైకు ఒకటి మా ఇంటికి చేరింది. ముందు ఫోర్కులో షాకబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, పెడల్ దగ్గర మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, రెండంగుళాలకు పైబడిన వెడల్పు టైర్లు. అది చూసి మామ కూడా సెకండ్ హ్యాండులో ఒకటి కొన్నాడు. పొద్దున పూట మా ఊరి పక్క పాలకొండల కింద తిరగడం మొదలుపెట్టాం. దూరం పోదామన్నది మామే. కర్నూలు పోయి, సుంకేసుల నుంచి కాలువ గట్టు పట్టుకుని కడప చేరి, అక్కడి నుంచి మేము బస్సులో ఎక్కీ దిగీ వయసు గడిపిన గువ్వలచెరువు ఘాటును కాళ్లతో ఎక్కి, మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ దాకా పోదామన్నాడు. తెలిసినాయన కూరగాయల బండిలో సైకిళ్లు వేసుకుని కర్నూలు చేరాం.

ఈ కాలువ కథ తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు వాళ్ల కంపెనీ దీన్ని తవ్వించింది. పొలాలకు నీళ్లు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. అందుకే పడవలను ఎత్తుపల్లాలు దాటించే లాకులు దీనికి కట్టారు. ఆ కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. పొడవు దాదాపు 306 కిలోమీటర్లు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని, కర్నూలు ఊళ్లో హంద్రీ నదిని అక్విడక్ట్ మీద దాటుతుంది. కింద నది పోతుంటే పైన కాలువ పోతుంది. తర్వాత కుందూ నది లోయలోకి దిగుతుంది. దారి పొడవునా కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దీనికి మళ్లీ నీళ్లందిస్తాయి. కర్నూలు సోనా అని పేరుపడిన బియ్యం ఈ ఆయకట్టు పొలాల్లో పండుతుంది. నా సర్వీసంతా ఈ కాలువ మీది వంతెనలు దాటుతూనే ఉన్నాను. వంతెన మీద బస్సు ఉండేది రెండు క్షణాలు. అద్దంలో కొంచెం పచ్చదనం కనిపించి పోయేది.

కర్నూలు ఊరు దాటేదాకా రద్దీ, చెత్త. ఆ భాగం గురించి చెప్పుకోవాల్సింది లేదు. ఊరు దాటిన తర్వాత గట్టు మీద కాలువ పనివాళ్లు తిరిగే దారి ఉంటుంది. కొంత దూరం గరుసు, కొంత దూరం ఎర్రమట్టి, నంద్యాల వైపు వచ్చేకొద్దీ నల్లరేగడి. వానాకాలంలో అయితే ఆ రేగడి టైర్లకు పట్టి, చక్రం ఫోర్కులో ఇరుక్కుని కదలదు. మేము పోయింది ధనుర్మాసంలో కాబట్టి నేల గట్టిపడి ఉంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుంటే గతుకులు తెలియవు. మామూలు సన్న టైరు సైకిలుతో ఈ దారి కష్టమే. మౌంటెన్ బైకు కొండల కోసమే అనుకుంటారు గానీ ఇలాంటి గట్ల మీద దాని విలువ తెలుస్తుంది. ఒకపక్క నిండుగా నీళ్లు, ఇంకోపక్క కోతకు వచ్చిన వరి, తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. రెండు కొండల వరసలు మాకు రెండు పక్కలా రోజంతా తోడు వచ్చాయి.

అసలు బాధ కంపతో. సర్కారు తుమ్మ గట్టంతా పెరిగి, కొన్నిచోట్ల దారిని ఒక అడుగు వెడల్పుకు తగ్గించేసింది. దాని ముల్లు ఎంత మందం టైరులోనైనా దిగుతుంది. పంక్చరు వేసుకోవడం ఇద్దరికీ వచ్చు కాబట్టి సరిపోయింది. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, కాలువ నీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే రంధ్రం. ముల్లు లోపలే విరిగి ఉంటుంది కాబట్టి ట్యూబు వేసేముందు టైరు లోపల చేత్తో తడిమి తీసేయాలి. తొందరపడి ఇది వదిలేస్తే కొత్త ప్యాచీ కూడా నిలవదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది. పెద్ద రోడ్డు మీద ఇద్దరు సైకిళ్ల మీద పోతే ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. లారీల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఊరంతా కలిసి తిరిగినా అది ఒంటరి ప్రయాణమే. కాలువ గట్టు మీద కంప లేని చోట రెండు సైకిళ్లు పక్కపక్కన పోతాయి. గంటకు పది, పన్నెండు కిలోమీటర్ల వేగంలో ఆయాసం ఉండదు. హారన్ ఉండదు. ఎదురు కూర్చుని మొహంలోకి చూస్తూ మాట్లాడాలన్న ఇబ్బందీ ఉండదు, ఇద్దరూ ముందుకే చూస్తుంటారు. అట్లాంటి చోట నోటికి దానంతట అదే మాట వస్తుంది. నంద్యాల చేరేలోపు ఎడతెరిపి లేకుండా మాట్లాడుతున్నది నేనే. ఎర్రగుంట్ల దగ్గర బండల గనిలో పని చేసిన మా నాయన గురించి, డ్రైవింగు నేర్పిన లారీ క్లీనరు రోజుల గురించి, పెళ్లయిన కొత్తలో నైట్ డ్యూటీల గురించి, ఎప్పుడూ ఎవరితోనూ అనని సంగతులన్నీ చెప్పాను. తూముల దగ్గర లస్కర్లు, అంటే కాలువ నీళ్లు చూసే పనివాళ్లు, కనిపిస్తే ఆగి వాళ్లతోనూ నేనే మాట్లాడాను. షట్టరు ఎంత ఎత్తితే ఎన్ని ఎకరాలకు పారుతుంది, గండి పడితే ఏం చేస్తారు, చివరి పొలాలకు నీళ్లు చేరక రైతులు గొడవపడితే ఎట్లా సర్దుతారు, అన్నీ అడిగాను. ఒక లస్కరు తన సద్దిలోంచి జొన్న రొట్టె, పచ్చిమిరప కారం, ఎర్రగడ్డ పెట్టి తినేదాకా వదల్లేదు. నేను మాట్లాడని మనిషినని ఇన్నేళ్లు అనుకున్నాను. అది నా పని అడిగిన మౌనమే గానీ నా గుణం కాదని ఆ గట్టు మీద తెలిసింది. ఆ రాత్రి నా భార్యకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. ఏమైందోనని ఆమె ముందు కంగారుపడింది. తర్వాత ఆమే ఫోన్ పెట్టనివ్వలేదు.

మామ సంగతి దీనికి తలకిందులు. బండిలో ఉన్నప్పుడు అందరినీ పలకరించి, చిల్లర గొడవలు నవ్వుతూ తీర్చి, ముసలమ్మల మూటలు దించి, ఊరూరికీ చుట్టమైన మనిషి. సైకిలు ఎక్కాక గంటల తరబడి నోరు తెరవడు. తూము కనిపిస్తే ఆపుతాడు, దిగి ఒడ్డున కూర్చుంటాడు, నీళ్లు సుడి తిరగడం చూస్తాడు. లకుముకి పిట్ట తీగ మీద వాలితే అది ఎగిరిపోయేదాకా కదలడు. నాకేమో చీకటి పడేలోపు ఊరు చేరాలని టెన్షన్. టైం అంటే టైమేనని పెరిగినవాణ్ణి కదా. ఒకసారి 'మామా, ఇట్లా ప్రతి తూముకాడా కూచుంటే ఈ రాత్రికి ఆళ్లగడ్డ చేరం' అన్నాను. ఆయన కోపం లేకుండా, 'ఇన్నేండ్లు నువ్వు ఆపినకాడ నేను దిగినా అల్లుడూ. ఇప్పుడు నేను ఆపుతా, నువ్వు దిగు' అన్నాడు. ఆ తర్వాత ఆగడం గురించి నేను మాట్లాడలేదు. కొంతసేపటికి ఆయన పక్కన కూర్చోవడం నాకూ బాగుంది.

దారిలో టీ అంగళ్ల దగ్గర జనం మామను గుర్తుపట్టారు. 'నువ్వు కడప బండి కండక్టరు గదప్పా' అని చుట్టూ చేరేవాళ్లు. నన్ను గుర్తుపట్టినవాళ్లు లేరు. జనానికి డ్రైవరు వీపే తెలుసు. ఒక ఊళ్లో పూలమ్మే ఆమెకు మామ 'బండి తోలింది ఈయనే' అని చెప్పాడు. ఆమె చాలాసేపు నా వైపు చూసి, 'స్టేజీ కాకపోయినా మా తోట మలుపుకాడ బుట్టలకు బండి ఆపేది నువ్వేనా నాయనా' అంది. నాకు ఆ మలుపు గుర్తుంది, బుట్టలు గుర్తున్నాయి, ఆమె మొహం మాత్రం అదే మొదటిసారి చూడటం. మూర పూలు కోసి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

ఇంకో సంగతి చాగలమర్రి దాటాక జరిగింది. అది రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. చాలా ఏళ్ల కిందట, ఆ ప్రాంతంలోనే, రోడ్డుకు అడ్డంగా ఒక చిన్నపిల్లవాడు బండికి ఎదురుగా పరుగెత్తాడు. బ్రేకు కొట్టాను. బంపరుకూ పిల్లవాడికీ మధ్య జానెడు దూరం మిగిలింది. తల్లి వచ్చి ఎత్తుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి కాగితం మీద ఎక్కడా లేదు, ఇంట్లోనూ చెప్పలేదు. గట్టు మీద పోతూ పోతూ అది మామకు చెప్పాను. అప్పటికి చాలాసేపటి నుంచి ఆయన మౌనంగా ఉన్నాడు. 'నాకు తెలుసు' అన్నాడు. 'నువ్వు స్టీరింగు మీద పెట్టిన చేతులు వణుకుతాంటే అద్దంలో చూసినా. టికెట్లు చూడాలని చెప్పి, వెనక సీటు దాకా పోయి, అందరివీ మళ్లా చూసినా. నీ చేతులు నిలబడినాక గంట కొట్టినా' అన్నాడు. ఆ రోజు బండి లేటయిందని నేను లోపల విసుక్కోవడం కూడా నాకు గుర్తే. ఆ ఆలస్యం నా కోసమని ఇన్నేళ్లూ తెలియదు, ఆయన చెప్పలేదు. సైకిలు ఆపి కాసేపు నిలబడ్డాను. మామ ఆగకుండా నెమ్మదిగా ముందుకు పోయాడు, నేను వచ్చి కలిసేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అది కూడా నా కోసమేనని ఈసారి అప్పుడే అర్థమైంది.

ఆ రాత్రి మేము పడుకుందామనుకున్న పాత కాలువ బంగళాకు తాళం వేసి ఉంది. పక్క ఊరి ఆంజనేయస్వామి గుడి మండపంలో అయ్యవారు చాపలిచ్చారు. మామ ఎవరో, ఏ మతమో ఎవరూ అడగలేదు, అడిగినా ఏమీ అనేవాళ్లు కాదు. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలయ్యేసరికి ఆయన కాలువలో వజూ చేసుకుని, గట్టు మీద తువ్వాలు పరిచి నమాజుకు నిలబడి ఉన్నాడు. చలికి నేను దుప్పట్లోంచి లేవలేకపోయాను.

మైదుకూరు పసుపు చేలు, ఆదినిమ్మాయపల్లె, కడప. ఇంట్లో ఒక రాత్రి పడుకుని గువ్వలచెరువు వైపు బయల్దేరాం.

ఈ ఘాటు గురించి ప్రమాదాల వార్తల్లోనే మీ పాఠకులు ఎక్కువ చదివి ఉంటారు. కడప నుంచి చిత్తూరు వైపు పోయే బండ్లకు ఎక్కుడు, రాయచోటి నుంచి వచ్చేవాటికి దిగుడు. దిగే లారీలతోనే గండం. ఘాటులో ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలని మాకు నేర్పుతారు. ఇంజనే బండిని పట్టి ఉంచాలి, బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది. సైకిలుకు ఆ సౌకర్యం లేదు. వెనక ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి ఏ గేరులో పెట్టినా దిగుడులో చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. బ్రేకులే దిక్కు. అందుకే ముందుదీ వెనకదీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా పట్టుకోవాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. ఇది డ్రైవరుగా తెలియని సంగతి, సైకిలు నేర్పింది. ఎక్కడానికైతే గేర్లున్నాయి. ముందు చిన్న పళ్ల చక్రం, వెనక అన్నిటికంటే పెద్దది వేసుకుంటే కాళ్లు చకచకా తిరుగుతాయి, బండి మనిషి నడిచినంత నిదానంగా పైకి పోతుంది.

సగం ఎక్కాక మామ దిగిపోయాడు. కాళ్లు నొప్పి అనుకున్నాను. నేనూ దిగి, ఇద్దరం సైకిళ్లు నెట్టుకుంటూ నడిచాం. అప్పుడు నోరు విప్పాడు. 'ఈ ఘాటంటే నాకు సర్వీసంతా భయం అల్లుడూ' అన్నాడు. 'ఇక్కడికి రాగానే నేను ఎక్కువ మాట్లాడేటోణ్ణి, గుర్తుందా? జనాన్ని నవ్వించేటోణ్ణి. అది భయానికే. నేను గమ్మునుంటే జనం కిటికీల్లోంచి లోయలోకి చూస్తారు. వాళ్లు చూస్తే నేనూ చూడాల.' సరదా మనిషి అని డిపోలో అందరూ చెప్పుకునే మామ మాటల కింద ఇంత ఉందని నేనెప్పుడూ ఊహించలేదు. ఘాటులో వెనక నుంచి నవ్వులు వినిపిస్తే నాకు ధైర్యంగా ఉండేది, వెనక అంతా బాగుందని. ఆయన భయం నాకు ధైర్యమైంది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఏమీ జవాబు చెప్పలేదు, నా సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి వేసి నాలుగు అడుగులు నడిచాడు.

ఎదురుగా దిగే ఒక లారీ ఆయన మలుపులో ఆగి, కిందికి వంగి నీళ్ల బాటిలు ఇచ్చాడు. చాలామంది దూరం జరిగి దారి ఇచ్చారు. కొందరు అంచుకు నెట్టేంత దగ్గరగా పోయారు. వాళ్లను నేను తిట్టను. ఆ సీటు నాకు తెలుసు. మలుపు చుట్టూ ఒక సైకిలు ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పైన గువ్వలచెరువులో పాలకోవ తిన్నాం. బస్సు ఆగితే కిటికీలోంచి పొట్లం కొనడమే గానీ, అంగడి లోపలికి పోయి, పెద్ద బాణలిలో పాలు చిక్కబడే దాకా కలియబెట్టడం చూస్తూ కూర్చున్నది అదే మొదలు.

రాయచోటి, మదనపల్లె వైపు రోడ్డు మామూలే. పెద్ద రోడ్డు మీద మళ్లీ ఒకరి వెనక ఒకరం, మాటలు తగ్గాయి. హార్సిలీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. 1870ల్లో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండ తప్పించుకోవడానికి అక్కడ బంగళా కట్టుకున్నాడు. పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోదే. అంటే కాలువ మొదటి పడవలు చూసిన కాలమూ, ఆ బంగళా కాలమూ ఒక్కటే. మేము కొండ మీద ఉన్నది కొంచెంసేపే. చలి ఎక్కువ, మామకు దిగుడు భయం. ఈసారి ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి వెలుగు ఉండగానే దిగాం, ఆయన ముందు, నేను వెనక.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మా ఇద్దరికీ దొరికింది కొండ మీద దొరకలేదు. ఎక్కువ భాగం గట్టు మీద దొరికింది. అక్కడ పక్కపక్కన పోవడానికి చోటు ఉంది కాబట్టి దొరికింది. అందుకని కాలువ బాగోగులు చూసే అధికారులకూ, గట్టు పక్క పంచాయతీలకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. కొత్తగా ఏదీ కట్టమని అడగడం లేదు. సిమెంటు వేసి, రంగు లైట్లు పెట్టి, టికెట్టు పెట్టొద్దు. గట్టు మీద ఉన్న దారినే కంప కొట్టించి, రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు ఉంచితే చాలు. కంప కొడితే కాలువ గట్టుకూ మంచిదే, గండి కనిపిస్తుంది, లస్కర్లకు తిరగడం తేలికవుతుంది. కంపను ఊళ్లోవాళ్లకు బొగ్గు కోసం ఇస్తే ఖర్చు కూడా కొంత కలిసివస్తుంది. చెరిగిపోయిన కిలోమీటరు రాళ్లకు సున్నం వేసి అంకెలు రాయించాలి. అడుగు వెడల్పు చోట నడుస్తుంటే ఎంత దూరం వచ్చామో తెలియక అలసిపోతాం. పాత బంగళాల్లో మరమ్మతుకు పనికివచ్చేవాటి తాళం చెవి దగ్గరి ఊళ్లో ఎవరికైనా అప్పగించి, నామమాత్రపు రుసుముతో ఒక రాత్రి పడుకోనిస్తే యువకులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది. మాకు గుడి మండపం సరిపోయింది. ఇద్దరు అమ్మాయిలకు సరిపోదు.

ఆడపిల్లల మాట ఎందుకంటే, గట్టు మీద మాకు ఎదురైన సైకిళ్లలో చాలావరకు వాళ్లవే. గతంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది కదా. పెద్ద రోడ్డు మీద పిల్లలను పంపడానికి భయపడి కొన్ని ఊళ్లవాళ్లు గట్టు దారినే పంపుతున్నారు. ఇద్దరిద్దరుగా, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, బడి నుంచి వస్తూ మాట్లాడుకుంటూ పోతున్నారు. కంప అడ్డం వచ్చిన చోట విడిపోయి ఒకరి వెనక ఒకరు పోతున్నారు. కంప కొట్టించండని అడగడానికి ఈ ఒక్క కారణం చాలదా?

గువ్వలచెరువు ఘాటు మలుపుల ముందు సైకిలు బొమ్మ ఉన్న బోర్డులు పెట్టాలి. దిగే లారీ డ్రైవర్లకు అది ఎంత పనికివస్తుందో నేను స్వయంగా చెప్పగలను. మలుపు చుట్టూ ఏముందో ఒక్క క్షణం ముందు తెలిస్తే కాలు బ్రేకు మీదికి పోతుంది.

మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ ఈ గట్టుకు ఇవ్వమని కూడా కోరుతున్నాను. హిమాలయాల పక్కనే వేయండి. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, టీచర్లు, పోస్టుమ్యాన్లు మన మూడు జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. ఇళ్లలో వాడకుండా గోడకు ఆనించిన గేర్ల సైకిళ్లూ ఉన్నాయి. ఒకే బండిలో, ఒకే బడిలో, ఒకే ఆఫీసులో దశాబ్దాలు పనిచేసి ఒకరినొకరు పలకరించుకునే తీరికే లేకుండా వయసైపోయినవాళ్లకు ఈ దారి పనికివస్తుంది. కుర్రవాళ్లకూ వస్తుంది. లేహ్ పోవాలనుకునేవాళ్లు ముందు ఇక్కడ ఒకసారి పోతే బరువు ఎంత మోయగలరో, పక్కవాడితో ఎన్ని రోజులు కలిసి ఉండగలరో తెలుస్తుంది.

పోదామనుకునేవాళ్లకు ఒక మాట. ఒక్కొక్కరికి రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచీలు, చేతి పంపు తప్పనిసరి. కాలువ నీళ్లు తాగవద్దు, దారిలో ఊళ్లున్నాయి, అడిగితే నీళ్లిస్తారు. వరి కోతల సమయంలో గట్టు మీద ట్రాక్టర్లు వస్తాయి, దిగి దారి ఇవ్వండి. గువ్వలచెరువు ఘాటు పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే ఎక్కండి. కార్తీకం తర్వాత, ఎండలు ముదరకముందు పోవడం మంచిది. కాలువలో నీళ్లు ఉన్నప్పుడు పోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
కడప